తలమీది కళ్ళజోడు

ఉగాది దగ్గర పడుతోందంటే మా చికాగో శివార్లలోని తెలుగువాళ్ళకి మూడు బెంగలు పట్టుకుంటాయి. వేపపువ్వు ఎవరింట్లో ఉంది? స్కూలు ఆడిటోరియం దొరికిందా, లేదా? కవి సమ్మేళనానికి కవుల్ని ఎక్కణ్ణుంచి తేవాలి? మొదటిదానికి, ఇండియా నుంచి ఎండు పువ్వు పొట్లం కట్టి తెచ్చుకున్న ఏ అత్తగారో ఆదుకుంటారు. రెండోదానికి కార్యవర్గం ఉంది. మూడోదానికి మాత్రం ఏటేటా నాకే ఫోను వస్తుంది. "మీరు తెలుగు ఎమ్మే కదండీ!" అంటారు.

తెలుగు ఎమ్మే చదివినవాళ్ళందరూ కవులైపోతే బోటనీ చదివినవాళ్ళందరి పెరట్లోనూ వంకాయలు విరగకాయాలి. నేను కవిని కాను, విద్యార్థిని. పాతికేళ్ళ కిందట గుంటూరులో పరీక్షలు రాసి బయటపడ్డా, ఆ విద్యార్థితనం ఇంకా వదల్లేదు. మూడు నెలలకోసారి ఈ పేజీలో మీతో పంచుకుంటున్నవి నా చదువు తాలూకు నోట్సే. ఈసారి నోట్సు కాదు. నేనొక పరీక్ష తప్పిన సంగతి చెబుతాను. మళ్ళీ రాస్తే పాసయ్యానో లేదో మీరే దిద్దాలి.

కిందటి అక్టోబరులో మా నాన్న పోయాడు. కబురు తెలిసి, టికెట్టు దొరికి, నేను తెనాలి చేరేసరికి మూడో రోజు. ఆ సంగతి ఇంతకుమించి రాయలేను. మీలో చాలామందికి రాయనక్కరలేదు కూడా.

తిరిగొచ్చిన రెండు నెలలకి కవి సమ్మేళనం ఫోను వచ్చింది. ఎప్పుడూ ఏదో వంక పెట్టి తప్పించుకునేదాన్ని, ఈసారి ఒప్పుకున్నాను. నాన్న మీద రాసి చదవాలనుకున్నాను.

మా నాన్న సాహిత్యం చదువుకున్నవాడు కాదు. తపాలా శాఖలో గుమాస్తాగా చేరి, పోస్టుమాస్టరుగా రిటైరయ్యాడు. కానీ తెనాలిలో పెరిగినవాడు. ఆ ఊళ్ళో పుట్టి పద్యం వినకుండా పెరగడం కష్టం. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు ఎక్కడ ఆడినా అక్కడ తెల్లవార్లూ కూర్చునేవాడట. పీసపాటి నరసింహమూర్తిగారు కృష్ణుడి వేషంలో పద్యం ఎత్తుకుంటే జనం వన్స్ మోర్లు కొట్టడం గురించి నాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. రాయబారం పద్యాలన్నీ నోటికి వచ్చు. వాటికి ఛందస్సు అనేది ఒకటుందనీ, ఇవి ఉత్పలమాలలూ అవి చంపకమాలలూ అనీ మాత్రం తెలియదు. తెలుసుకోవాలని అనుకోనూ లేదు.

కానీ ఎవరైనా పద్యం తప్పు చదివితే ఇట్టే పట్టేసేవాడు. మా బళ్ళో ఒక వార్షికోత్సవంలో ఒకాయన మైకు ముందు వేమన పద్యం చదువుతూ ఒక మాట మార్చేశాడు. అర్థం చెడలేదు. అయినా పక్కన కూర్చున్న నాన్న మొహం చిట్లించి, "ఎక్కడో కుంటింది" అన్నాడు. ఇంటికెళ్ళి పుస్తకం తీసి చూస్తే కుంటిన చోటు కనబడింది. ఒక అక్షరం ఎక్కువ.

తొమ్మిదో తరగతిలో మాకు ఛందస్సు మొదలుపెట్టారు. గురువు, లఘువు అని నేను వేళ్ళమీద లెక్కపెట్టుకుంటుంటే నాన్న నన్ను పోస్టాఫీసుకి తీసుకెళ్ళి, ఉత్తరాలకి ముద్ర కొట్టే ఆయన దగ్గర కూర్చోబెట్టాడు. ఇంకు ప్యాడు మీద చిన్న దెబ్బ, కవరు మీద పెద్ద దెబ్బ. టక్, ధన్. టక్, ధన్. "చిన్నది మీ లఘువు, పెద్దది మీ గురువు. అవునా?" అన్నాడు. నాకు ఛందస్సు బోధపడింది అక్కడ. క్లాసులో పేర్లు మాత్రమే నేర్చుకున్నాను.

ఎమ్మేలో చేరాక నేనూ కవిత్వం రాయడం మొదలుపెట్టాను. ఆ వయసులో అందరికీ పట్టే జ్వరమే నాకూ పట్టింది, శ్రీశ్రీ జ్వరం. మహాప్రస్థానం పుస్తకంగా వచ్చింది 1950లో. నేను చదివేనాటికి దానికి నలభై ఏళ్ళు దాటినా, నిన్న రాత్రి నాకోసమే అచ్చయినట్టుండేది. వారం రోజుల్లో పది కవితలు రాసి మా మాస్టారికి ఇచ్చాను. ఆయన ఓపిగ్గా అన్నీ చదివి, ఎర్ర సిరా జోలికి పోకుండా తిరిగిచ్చేశారు. "బాగా చదివావమ్మా. ఇందులో నువ్వు రాసిందెక్కడుందో మాత్రం నాకు కనబడలేదు" అన్నారు.

ఏడ్చాను. తర్వాత ఆయనే ఇంకో మాట చెప్పారు. శ్రీశ్రీ మొదటి పుస్తకం ‘ప్రభవ’ 1928లో వచ్చింది. అందులోవి పాత పద్ధతి పద్యాలు. అంటే, పద్యం సంకెళ్ళు తెంపాడని మనం చెప్పుకునే మనిషి, ముందు ఆ పద్యం నడక కాళ్ళకి పట్టించుకునే బయల్దేరాడు. వచన కవిత్వానికి చెవి అక్కరలేదనుకోవద్దు అని ఆయన ఉద్దేశం. నేను అప్పుడు సగమే విన్నాను. చెవి గురించి చెప్పింది బుర్రకెక్కింది. "నువ్వెక్కడున్నావు" అన్నదాన్ని పక్కన పెట్టేశాను.

పెళ్ళయి ఈ దేశం వచ్చాక అడిగినవాళ్ళందరూ ఒకటే అడిగారు. "తెలుగు ఎమ్మేతో ఇక్కడేం చేస్తారండీ?" నా దగ్గర సమాధానం లేదు. పుస్తకాలు కూడా లేవు. సూట్‌కేసు బరువుకి భయపడి, పచ్చళ్ళకీ పుస్తకాలకీ పోటీ పెట్టి, పచ్చళ్ళని గెలిపించి తెచ్చుకున్నదాన్ని. అలాంటి రోజుల్లో మా ఊరి పబ్లిక్ లైబ్రరీలో పనిచేసే ఒక పెద్దావిడ, ఇంటర్ లైబ్రరీ లోన్ అనే ఒక దారి చూపించింది. మనకి కావలసిన పుస్తకం ఏ యూనివర్సిటీలో ఉన్నా అడిగి తెప్పిస్తారట. నమ్మకం లేకుండానే విశ్వనాథవారి పుస్తకం పేరు ఇంగ్లీషు అక్షరాల్లో రాసిచ్చాను. మూడు వారాల తర్వాత వచ్చింది. విజయవాడలో అచ్చయిన పుస్తకం, గట్టి అమెరికన్ బైండుతో.

ఇక్కడి లైబ్రరీల్లో మన పుస్తకాలు ఎలా చేరాయో పిల్లలకి చెప్పండి, కథలా వింటారు. 1954లో అమెరికా చేసిన ఒక చట్టం ఉంది, పబ్లిక్ లా 480 అని. తిండిగింజలు చాలక అవస్థపడుతున్న మన దేశానికి ఈ దేశం గోధుమలు అమ్మింది. డాలర్లు అక్కరలేదు, రూపాయల్లోనే కట్టమంది. ఆ రూపాయలు మన దేశంలోనే పోగుపడ్డాయి. వాటిలో కొంత సొమ్ముతో 1962 నుంచి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారు మన భాషల్లో అచ్చయ్యే పుస్తకాలు కొని, చికాగో, విస్కాన్సిన్ లాంటి విశ్వవిద్యాలయాలకి పంపించారు. గోధుమలు అటు వెళ్ళాయి, పుస్తకాలు ఇటు వచ్చాయి. ఆ గోధుమ రొట్టెలు తిన్న తరం పిల్లలం మనం ఇక్కడికొచ్చి ఆ పుస్తకాలు చదువుకుంటున్నాం.

ఆ విస్కాన్సిన్‌లోనే, మాడిసన్‌లో, వెల్చేరు నారాయణరావుగారు దశాబ్దాల పాటు తెలుగు చెప్పారు. ఆయన, డేవిడ్ షుల్మన్ కలిసి చేసిన ‘క్లాసికల్ తెలుగు పొయిట్రీ’ 2002లో వచ్చింది. అంతకుముందు 1998లో, నోటినుంచి నోటికి పాకిన చాటుపద్యాల మీద వాళ్ళిద్దరే ఒక పుస్తకం వేశారు. తెలుగు లిపి రాని మీ పిల్లలు హైస్కూలుకి వచ్చాక వీటిని చేతిలో పెట్టండి. తాతగారు ఏ ఇంటివారో తెలుసుకోవడానికి అదొక దారి.

నాన్న మూడుసార్లు ఇక్కడికి వచ్చాడు. నయాగరా చూపిస్తే "బాగుంది" అన్నాడు. మా ఊరి పోస్టాఫీసు చూపిస్తే గంటసేపు కదల్లేదు. ఏ ఉత్తరమూ లేకపోయినా మా అమ్మకి ఒకటి రాసి, కిటికీ దగ్గర తూకం వేయించుకుని, అది వేసే ముద్ర చప్పుడు విని మరీ వచ్చాడు. "వీళ్ళది మెత్తటి ముద్ర. అన్నీ లఘువులే" అన్నాడు.

నేను ఎప్పుడైనా నాలుగు పద్యపాదాలు అల్లుకుంటే ఆదివారం పొద్దున్న ఫోనులో వినిపించేదాన్ని. అర్థం గురించి ఒక్క ముక్క అనేవాడు కాదు. విని, కాసేపాగి, "మూడో దాంట్లో కుంటుతోందమ్మా" అనేవాడు. లెక్కపెట్టి చూస్తే నిజమే. ఇరవయ్యేళ్ళు నా పద్యాలకి ఒకే ఒక్క శ్రోత. అచ్చువేయలేదేమని మావారు ఎప్పుడైనా అడిగితే నవ్వేసేదాన్ని. వినేవాడు ఉన్నాడు కదా, ఇంకా అచ్చెందుకు?

ఇప్పుడు నాన్న మీద రాద్దామని కూర్చుంటే, రాసింది ఎవరికి వినిపించాలన్నదే మొదటి ప్రశ్న అయింది.

విద్యార్థిని కదా, అలవాటు ప్రకారం ముందు పుస్తకాల మీద పడ్డాను. పోయినవాళ్ళ మీద మనవాళ్ళు ఎలా రాశారో చూద్దామని. విశ్వనాథవారు భార్య పోయిన దుఃఖంలో రాసిన ‘వరలక్ష్మీ త్రిశతి’ తెప్పించుకున్నాను. తల్లి మీద నాయని సుబ్బారావుగారు రాసిన ‘మాతృగీతాలు’ కోసం వెతికాను. దొరికినవన్నీ పెన్సిలు పట్టుకుని చదివాను. నెల రోజులు చదివి, ఒక శనివారం రాత్రి కూర్చుని ముప్పై లైన్ల వచన కవిత రాశాను. అందులో నాన్న అస్తమించిన సూర్యుడు, నేలకొరిగిన మర్రిచెట్టు, తీరం వదిలి వెళ్ళిపోయిన ఓడ. చివర్లో నేను కన్నీటి సముద్రం. చదువుకుంటే నాకే కళ్ళు చెమర్చాయి. బాగా వచ్చిందనుకున్నాను.

మా అమ్మాయికి పన్నెండేళ్ళు. తెలుగు మాట్లాడుతుంది, వింటే తెలుస్తుంది. చదవడం మాత్రం ఇంకా అక్షరం అక్షరం కూడబలుక్కుంటుంది. మర్నాడు పొద్దున్న దోసె తింటుంటే దానికి వినిపించాను. శ్రద్ధగానే విన్నది.

"బాగుందమ్మా. ఎవరి గురించి?"

"తాతయ్య గురించే."

"మన తాతయ్యా?" అని దోసె తినడం ఆపింది. "మన తాతయ్య సూర్యుడిలా ఎప్పుడున్నాడు? కళ్ళజోడు తలమీద పెట్టుకుని ఇల్లంతా వెతికేవాడు కదా. సోఫా కింద కూడా. మనం చెప్పకుండా నవ్వుతుంటే అప్పుడు తల తడుముకునేవాడు."

పాతికేళ్ళ కిందట మాస్టారు చెప్పింది మళ్ళీ వినబడినట్టయింది. ఈసారి దోసె తింటున్న పిల్ల నోట.

ఆ ముప్పై లైన్లూ మళ్ళీ చదివాను. సూర్యుడు ఒకచోట చదివింది, మర్రిచెట్టు ఇంకోచోట చదివింది. ఓడ ఎవరిదో గుర్తులేదు కానీ నాది కాదు. నేను ఓడ ఎక్కిందీ లేదు, నాన్న ఎక్కిందీ లేదు. నా దుఃఖం నిజమే. దానికి తొడిగిన బట్టలు మాత్రం ఎరువు తెచ్చుకున్నవి. పెళ్ళికైతే అరువు నగ పెట్టుకోవచ్చు. నాన్న దగ్గరికి వెళ్ళేటప్పుడు కూడానా?

చదవడం తప్పని నేననడం లేదు. అలా అంటే పాతికేళ్ళ నా నోట్సులన్నీ అబద్ధమవుతాయి. చదువు మనకి చెవినిస్తుంది. ఏ మాట పక్కన ఏ మాట కూర్చుంటే నడక కుదురుతుందో, ఎక్కడ కుంటుతుందో ఆ చెవికి తెలుస్తుంది. నాన్నకి చదువు లేకుండా, వినికిడి వల్లే ఆ చెవి వచ్చింది. ఎలా వచ్చినా అది రావాలి. కానీ మాటలు మాత్రం మనింట్లోంచే రావాలి. పక్కింటి మాటలతో మన నాన్న గురించి చెబితే, "ఎవరి గురించి?" అని మన పిల్లలే అడుగుతారు.

ఆ ఆదివారం ఇద్దరం కూర్చున్నాం. పద్యం రాద్దామన్నాను. ఏం పద్యం అని అడిగింది. ఆటవెలది అన్నాను. వేమన పద్యాలు చాలావరకు ఆటవెలదులే. బ్రౌను దొరగారు 1829లో అచ్చువేయించేదాకా అవి ఎన్ని తరాలు జనం నోళ్ళమీద నడిచాయో! నాన్నలాంటి చెవులు కాపలా కాశాయి వాటిని. తెలుగులో పిల్లలు పట్టుకోదగ్గ పద్యం అంతకంటే లేదు.

పిల్లలూ, ఈ ముక్క మీకోసమే. పెద్దవాళ్ళు పక్కన కూర్చుని వినవచ్చు.

చిన్నగా పలికే అక్షరం లఘువు, దానికి ఒక చప్పట్టు. లాగి పలికేది గురువు, దానికి రెండు. పక్కన వత్తు ఉన్న అక్షరం వస్తే దాని ముందు అక్షరం కూడా గురువైపోతుంది. సున్న ఉన్నా అంతే. "నాన్న" అని చప్పట్లు కొట్టండి. రెండు, ఒకటి, మొత్తం మూడు. "అమ్మ" కూడా మూడే. "చదువు" ఒకటి, ఒకటి, ఒకటి, మళ్ళీ మూడే. ఇలా మూడు చప్పట్లవి రెండు రకాలున్నాయి, వాటిని సూర్యగణాలంటారు. ఇప్పుడు "తాతయ్య" అనండి. రెండు, రెండు, ఒకటి. మొత్తం ఐదు. ఇది ఇంద్రగణం. ఇంద్రగణాలు ఆరున్నాయి, కొన్ని నాలుగు చప్పట్లవి, ఎక్కువ ఐదు చప్పట్లవి. "అమ్మమ్మ", "నానమ్మ" కూడా ఇంద్రగణాలే. అమ్మానాన్నలు సూర్యగణాలు, వాళ్ళ అమ్మానాన్నలు ఇంద్రగణాలు. మన భాష ఎంత బాగా ఏర్పాటు చేసిందో చూడండి.

ఇది చెప్పగానే మా అమ్మాయి వంటింట్లోకి పరిగెత్తింది. "పప్పు" సూర్యగణం. "పులుసు" సూర్యగణం. "గోంగూర" ఇంద్రగణం. "ఆవకాయ" చూస్తే రెండు సూర్యగణాలు పక్కపక్కనే ఉన్నాయి. "పిజ్జా" దేనికీ కుదరలేదు. రెండు గురువులు కలిస్తే నాలుగు చప్పట్లు వస్తాయి కానీ అది ఇంద్రగణం కాదు. "పిజ్జాను" అంటే మాత్రం ఇంద్రగణమే. చివరికి మా ఊరి పేరు పట్టుకుంది. "చికాగో" ఒకటి, రెండు, రెండు. ఐదు చప్పట్లున్నా ఇంద్రగణాల్లో ఈ వరస లేదు. "అయితే చికాగో ఆటవెలదిలో పట్టదా?" అని దిగులుపడింది. పడుతుందమ్మా, ఒక్కత్తే ఒక గణంలో కూర్చోలేదు, అటో అక్షరం ఇటో అక్షరం పక్కవాళ్ళతో సర్దుకోవాలి, అన్నాను. ఈ ఊరు వచ్చినప్పుడు మేమూ అలాగే సర్దుకున్నాం.

ఆటవెలదికి నాలుగు పాదాలు. ఒకటో పాదంలో, మూడో పాదంలో మూడు సూర్యగణాలు, తర్వాత రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాల్లో ఐదూ సూర్యగణాలే. పాదం మొదటి అక్షరానికి, నాలుగో గణం మొదటి అక్షరానికి స్నేహం కుదరాలి. దాన్ని యతి అంటారు. "క"కి "కా" స్నేహితురాలు, "వె"కి "వీ" స్నేహితురాలు. అంతే సంగతి. ప్రాస పెట్టాలన్న నిర్బంధం ఆటవెలదికి లేదు.

తాతయ్య గురించి నీకు ఏం గుర్తుందో అదే చెప్పు, నేను గణాల్లో పెడతాను అన్నాను. అది చెప్పింది కళ్ళజోడే. నేను కాగితం మీద పెట్టుకుంటూ పోయాను. మొదటి రెండు పాదాలూ తొందరగానే కుదిరాయి. మూడో పాదం రాసి గట్టిగా చదివాను. అది చప్పట్లు కొడుతూ కొడుతూ ఆగిపోయింది.

"అమ్మా, ఇక్కడ ఏదో కుంటింది."

ఆ మాట దానికి ఎవరు నేర్పారు? ఆదివారం ఫోన్లు స్పీకర్లో పెట్టి మాట్లాడేదాన్ని. అది పక్క గదిలో బొమ్మలు వేసుకుంటూ ఉండేది. నేను వింటోందనుకోలేదు.

లెక్కపెట్టాను. పాదం మొదట్లో "ఇప్పుడు" అని రాశాను. రెండు, ఒకటి, ఒకటి. మూడుండాల్సిన చోట నాలుగు చప్పట్లు. "ఇపుడు" అని దిద్దాను. మళ్ళీ చదివాను. ఈసారి చప్పట్లు ఆగలేదు.

కవి సమ్మేళనంలో ఆ ముప్పై లైన్ల కవిత చదవలేదు. చదివింది ఈ నాలుగు పాదాలే.

కళ్ళజోడు తలకు కాపలా ఉండగా
వెతికె నాన్న ఇల్లు, వీధి గడప;
ఇపుడు వెతికినాను ఇల్లంత నాన్నకై,
తలను తడుముకుంటె తానె దొరికె.

పండితులు ఎవరైనా చూస్తే ఇందులో ఒకటి రెండు చోట్ల విసంధి ఉందంటారు. ఉంది. ఇది గొప్ప పద్యం కాదని నాకూ తెలుసు. పుస్తకాల్లో నిలబడేది కాదు. కానీ ఇందులో కళ్ళజోడు మా నాన్నదే, గడప మా ఇంటిదే. చివరి పాదం రాసేటప్పుడు నేను ఎంతసేపు కాగితం వంక చూస్తూ కూర్చున్నానో మా అమ్మాయికి మాత్రమే తెలుసు. విశ్వనాథవారి పుస్తకంలోనూ, విస్కాన్సిన్ నుంచి వచ్చిన మిగతా వాటిలోనూ నెల రోజులు నాన్న కోసం వెతికాను. ఆయన నేర్పిన చెవి నాతోనే ఉందన్న సంగతి మరిచిపోయి వెతికాను. అది పక్క గదిలో బొమ్మలు వేసుకుంటున్న పిల్లకి కూడా ఎప్పుడో అందిందని అంతకన్నా తెలియదు.

సభలో చదివి వచ్చి కూర్చున్నాక, వెనక వరసలో ఒక పెద్దాయన నిశ్శబ్దంగా తన తల తడుముకోవడం చూశాను. కళ్ళజోడు ఆయన జేబులోనే ఉంది.

మొన్న ఆదివారం మా అమ్మకి ఫోను చేసి పద్యం వినిపించాను. విని, "ఆ కళ్ళజోడు ఇంకా బీరువాలో ఉందే" అన్నది. తర్వాత కాసేపు ఎవరం మాట్లాడలేదు. మా అమ్మాయి ఫోను అందుకుని, "అమ్మమ్మా, నువ్వు ఇంద్రగణం తెలుసా?" అని మొదలుపెట్టింది.

వచ్చే సంచికకి పిల్లలకొక పని ఇస్తున్నాను. మీ ఇంట్లో రోజూ వినబడే మాటలు పది రాసుకోండి. చప్పట్లు కొట్టి, వాటిలో సూర్యగణాలేవో ఇంద్రగణాలేవో తేల్చండి. మీ తాతయ్యదో, అమ్మమ్మదో మీకు మాత్రమే తెలిసిన ఒక అలవాటు గుర్తుచేసుకోండి. దాని మీద ఒక పాదం, ఒక్కటంటే ఒక్క పాదం, రాసి ఫోనులో వాళ్ళకే వినిపించండి. కుంటినా పరవాలేదు. కుంటిందని చెప్పేవాళ్ళు అవతల ఉన్నప్పుడే వినిపించండి.

మళ్ళీ వచ్చే మూడు నెలల్లో కలుద్దాం.